ఇక్కడ కాలు పెట్టరాదు

విమానాల ఫ్యాక్టరీ ఫ్రీజర్ రూమ్‌లో స్టోర్ కీపర్ శవం దొరికింది. తలుపుకి బయటి నుంచి గడియ పెట్టి ఉంది. అతని కనుబొమల మీద మంచు పేరుకుంది. ఒక చెయ్యి ఇంకా తలుపు వైపే చాచి ఉంది.

ఏజెంట్ అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు చూసింది. గోళ్ళు చూసింది. లేచి, వంట ముగించిన మనిషిలా మామూలుగా గ్లవ్స్ తీసేసింది.

"ఏమనిపిస్తోంది?" అన్నాడు చీఫ్.

"ఏమీ అనిపించడం లేదు సార్."

"నేనడిగింది కేసు గురించి."

"హత్య సార్."

ఆఫీసులో అందరూ ఆమెను రాయి అంటారు. పాత మిషన్ ఒకదానిలో ఆమె పార్ట్‌నర్ ఆమె పక్కనే కూలిపోయాడు. అదే కాల్పుల్లో ఒక తూటా ఆమె ఎడమచేతి నరాన్ని తెంపింది. అప్పటి నుంచి ఆ చేతి రెండు వేళ్ళకు వేడీ చలీ తెలియదు. మిగతా మనిషి సంగతీ అంతేనని క్యాంటీన్‌లో చెప్పుకుంటారు. పార్ట్‌నర్‌ని సాగనంపి వచ్చిన మధ్యాహ్నం ఆమె భోజనం మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, రిపోర్టు టైపు చేయడం మొదలుపెట్టిందట. అది నిజమే.

కారులో బ్రీఫింగ్ ఇచ్చాడు చీఫ్.

"ఇక్కడ కొత్త గుడ్డ ఒకటి తయారవుతోంది. కార్బన్ ఫైబర్. జిగురు ముందే పట్టించి ఉంటుంది. ఫ్రీజర్లో ఉంచకపోతే ఆ జిగురు దానంతటదే గట్టిపడుతుంది. అచ్చులో పొర మీద పొర వేసి ఓవెన్లో కాల్చావనుకో, ఇనుముకంటే గట్టిగా, అట్టముక్కంత తేలిగ్గా తయారవుతుంది. ఈ రకం రాడార్‌కి కూడా దొరకదు."

"ఎవరికి కావాలి సార్?"

"సముద్రానికి అవతల ఉన్నవాళ్ళకి. చిన్న ముక్క దొరికినా చాలు, ల్యాబులో విప్పి చూసుకుంటారు. కానీ ఆ ముక్కని తీసుకెళ్ళడమే కష్టం. గుడ్డలో సన్నటి లోహపు దారం నేశారు. ఏ పోర్టులో పెట్టినా స్కానర్ గోల పెడుతుంది."

"మరి ఎలా తీసుకెళతారు?"

చీఫ్ ఆమె వైపు తిరిగాడు. "విమానం రెక్కని ఏ స్కానర్లో పెడతారు చెప్పు?"

గడువు తీరిన గుడ్డ చుట్టలను ఫ్యాక్టరీ పారేస్తుంది. పెరట్లో సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళు వాటిని అడిగి పట్టుకెళతారు. ఎవరో తాజా చుట్టల మీద గడువు తీరిన లేబుల్ అంటిస్తున్నారు. స్టోర్ కీపర్ అది కనిపెట్టాడు. ఆ చుట్టలన్నీ ఒకే ఇంటికి చేరాయి. ఆ ఇంటాయన పళ్ళ డాక్టరు.

"ఆయనకేమీ తెలియదు. ఉట్టి అమాయకుడు. సొంత విమానాల ర్యాలీలో సముద్రం దాటాలని ఆయన ముచ్చట. ఆయన అవతల దిగగానే ఆ విమానాన్ని కొనేస్తారు. అప్పుడు అందర్నీ ఒకేసారి పట్టుకుంటాం. ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ పేరు నెమలి. ఫ్యాక్టరీలో సేల్స్ మేనేజర్. ఈరోజు గాలి ఎటు అని అడుగు. గొడుగు ఎటు తిరిగితే అటు అంటుంది."

ఆమెకు ఒక పెన్ను ఇచ్చాడు. మూత తిప్పితే బ్లేడు బయటికొస్తుంది. చెవికి కమ్మ ఇచ్చాడు. అందులో రేడియో ఉంది. తెల్ల యాప్రాన్ కూడా ఇచ్చాడు. అందులో ఏమీ లేదు, అది నర్సు వేషానికి.

*

పళ్ళ డాక్టరు భారీ మనిషి. మాట కూడా భారీయే. పేషెంటు నోరు తెరిచాక గాని విమానం కథ మొదలుపెట్టడు. అడ్డు చెప్పే వీలు ఎవరికీ ఉండదు.

"లైసెన్సొచ్చి ఇన్నేళ్ళయింది, విమానమే లేదు. పెళ్ళాం ఉండి ఇల్లు లేనట్టు. ఆఁ, నోరు మూయకండి."

క్లినిక్ వెనక రేకుల షెడ్డు. దాని గుమ్మం దగ్గరే డాక్టరు భార్య కొత్త నర్సును ఆపింది.

"అమ్మాయ్, ముందున్న నర్సు ఎందుకు మానేసిందో తెలుసా? పళ్ళ పనికని పెట్టుకుని రెక్కకి గరుక్కాగితం పట్టించారు ఈయన. వారం రోజులు ఒళ్ళంతా గోక్కుంది పాపం."

"నాకు దురద తెలియదమ్మగారూ."

"అదృష్టవంతురాలివే!"

షెడ్డులో విమానం సగం పుట్టిన జంతువులా పడుకుని ఉంది. రెండు సీట్లు. కింది వైపు ఒకటే రెక్క, కుడిది ఇంకా కట్టలేదు. ఒళ్ళంతా తెల్లటి గాజు గుడ్డతో చేసింది. ఎడమ రెక్క మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. ఒంటికి ఆనుకున్న చోట అడుగు వేసేందుకు చిన్న గరుకు పట్టీ ఉంది. దాన్ని దాటితే ఎర్రటి అక్షరాలు: ఇక్కడ కాలు పెట్టరాదు.

"అక్షరాలు నావే," అంది భార్య. "ఈయన చేతిరాత మందుల షాపువాడికి తప్ప ఎవడికీ అర్థం కాదు."

"గుడ్డ గడువు తీరిందేనమ్మాయ్, అయినా భేషుగ్గా ఉంది," అన్నాడు డాక్టరు. "బిస్కెట్ ప్యాకెట్ మీద తేదీ దాటితే పారేస్తామా ఏంటి?"

"పారేస్తాం," అంది భార్య.

మూలన పాత ఐస్‌క్రీం ఫ్రీజర్ ఉంది. అందులో ప్లాస్టిక్ సంచిలో చివరి చుట్ట, కుడి రెక్క కోసం దాచింది.

ఆ మధ్యాహ్నం దంపతులు భోజనానికి లోపలికి వెళ్ళగానే ఏజెంట్ ఫ్రీజర్ మూత ఎత్తింది. పెన్ను మూత తిప్పింది. సంచి కోసింది. చుట్ట అంచు నుంచి అరచేతి వెడల్పు ముక్క కత్తిరించింది. కోసిన చోట తెల్లటి పొగలాంటిది ఆడింది. ఎడమచేతి వేళ్ళతో గుడ్డను సర్ది, సంచికి టేపు వేసి, మూత మూసింది. వేళ్ళకు ఏమీ తెలియలేదు. పని శుభ్రంగా జరిగిందనుకుంది.

సాయంత్రానికి చెవిలో చీఫ్ గొంతు పలికింది. "అదే గుడ్డ. శభాష్."

శభాష్ అన్నా ఆమెకు ఏమీ అనిపించలేదు.

*

మర్నాడు డాక్టరు చుట్టను బయటికి తీసి, సంచితోసహా బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పని మొదలుపెట్టరా?" అంది ఏజెంట్.

"ఆగాలమ్మాయ్. ఈ పనిలో సగం ఆగడమే. సంచి పైన చెమట చూడు. చల్లటి గ్లాసుకి పట్టినట్టు. అది ఆరిపోయి, లోపలి గుడ్డ గది వేడికి వచ్చేదాకా సంచి కొయ్యకూడదు."

"కోస్తే?"

"ఆ చెమట లోపల గుడ్డకి పడుతుంది. కంటికి కనబడదు. పొరల మధ్య నీళ్ళు దాక్కుంటాయి. ఓవెన్లో పెడితే ఆవిరై బుడగలు కడుతుంది. పైకి రెక్క అద్దంలా ఉంటుంది, లోపల పుచ్చు. పుచ్చుపన్నుతో చెరుకు కొరికితే ఏమవుద్ది? గాల్లో అదే అవుద్ది."

ఆయన నవ్వాడు. ఏజెంట్ తన ఎడమచేతి వేళ్ళను చూసుకుంది. నిన్న ఆ వేళ్ళ కింద గుడ్డ తడిగా ఉందేమో. ఉండే ఉంటుంది. తెల్లటి పొగ ఆడింది కదా.

సంచి అడుగున తను వేసిన టేపు డాక్టరుకి కనబడలేదు. ఇప్పుడు చెప్పవచ్చు. చెబితే వేషం పోతుంది, మిషన్ పోతుంది. ఆమె చెప్పలేదు. భయం వల్ల కాదు, దయ లేకా కాదు. చెప్పాలని అనిపించలేదు, అంతే. లోపల ఏదో తలుపుకి బయటి నుంచి గడియ పెట్టి ఉన్నట్టు.

పొర మీద పొర వేశారు. అచ్చును ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలంతా లాగేశారు. హీటర్లు బిగించిన పెద్ద చెక్కపెట్టెలో కాల్చారు. కాలుతున్నంతసేపూ డాక్టరు పసిపిల్లాడి ఉయ్యాల పక్కన కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చున్నాడు.

"మీకు అనుమానం రాదా?" అంది ఆమె. "లోపల ఏముందో తెలియకుండా ఎలా ఎక్కుతారు?"

"తట్టి వింటాం. చచ్చిన పన్నుని తడితే ఒక రకంగా మోగుతుంది, బతికున్నదాన్ని తడితే ఒక రకంగా. రెక్కయినా అంతే. కాకపోతే ఇన్నేళ్ళు డ్రిల్లు పక్కన ఉండి నా చెవులకి సన్నటి మోతలు వినబడవు. నేను తడతాను, మా ఆవిడ వింటుంది. ఇంట్లో నా మాట వినకపోయినా రెక్క మాట వింటుంది."

కానీ ఈసారి ఆవిడ రానంది.

"ఇంటి ముందు చక్కర్లు కొట్టండి, వద్దన్లేదు. సముద్రమెందుకు మీకు? మీ రెక్కలు మీరే వినండి!" తలుపు దడాలున మూసుకుంది.

డాక్టరు కాసేపు ఆ తలుపును చూశాడు. "అమ్మాయ్, నీ చెవులు మంచివేనా?"

ఆయన పళ్ళు చూసే చిన్న అద్దం పిడితో రెక్కను తట్టుకుంటూ వెళ్ళాడు. టంగ్. టంగ్. టంగ్. గాజు గ్లాసు మోగినట్టు. రెక్క ఒంటికి ఆనే చోటుకి దగ్గరయ్యేసరికి మోత మారింది. టప్. పక్కన మళ్ళీ టప్. అట్టపెట్టె మీద కొట్టినట్టు.

ఆయన చివరిదాకా తట్టాడు. ఆమె మొహం వైపు చూశాడు. ఫలితం కోసం డాక్టరు మొహం చూసే రోగిలా.

ఆమె చెవికమ్మలో చీఫ్ మాట్లాడాడు. "వింటున్నాను. బాగుందని చెప్పు. ఫ్యాక్టరీ ప్రచారం పేరుతో నెమలి ఆయన పక్క సీట్లోనే వెళుతోంది. నిజంగా ప్రమాదముంటే ఆమే ఆపిస్తుంది. ర్యాలీ మైదానంలో ఆమెకి చెబుదువుగాని."

"బాగుంది," అంది ఏజెంట్.

"హమ్మయ్య!" డాక్టరు అద్దాన్ని జేబులో వేసుకున్నాడు. ఆమె చేతిని చూసి, "ఆ రెండు వేళ్ళు వాడవేంటమ్మాయ్?" అన్నాడు.

"మొద్దుబారాయి."

"సూది ఇస్తే పన్ను కూడా మొద్దుబారుతుంది. చచ్చిపోయిందనుకుంటారు జనం. మత్తు దిగేటప్పుడు ముందు చీమలు పాకినట్టుంటుంది. తర్వాత అరుస్తారు."

"దిగకపోతే?"

"దిగకపోవడమంటూ ఉండదు. ఒక్కోసారి ఆలస్యమవుతుంది."

*

ర్యాలీ రోజు ఎండ చురుక్కుమంటోంది. గడ్డి మైదానం నిండా చేతితో కట్టిన విమానాలు. ఒకటి బాతులా, ఒకటి చీపురుకట్టలా. చీఫ్ మనుషులు నారింజ రంగు కోట్లు వేసుకుని వాలంటీర్లలా తిరుగుతున్నారు. డాక్టరు విమానానికి రెండు వైపులా ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి. అలిగినా కుడి రెక్క మీద కూడా ఆవిడే రాసింది.

ఆవిడ వచ్చింది. చేతిలో ఫ్లాస్కు. మొగుడితో మాట్లాడలేదు. ఏజెంట్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాకు బదులు నువ్వు విన్నావంట కదా."

"విన్నానమ్మగారూ."

"బాగుందా? నా మీద ఒట్టేసి చెప్పక్కర్లేదు. ఊరికే చెప్పు. నువ్వు బాగుందంటే నేను ఇంటికెళ్ళి వంట చేసుకుంటాను."

ఏజెంట్ నెమలి కోసం మైదానమంతా చూసింది. "ఇప్పుడే వస్తాను," అని పక్కకు నడిచింది. ఎడమచేతి వేళ్ళ చివర ఏదో కదిలినట్టయింది. చీమ ఏమోనని చూసింది. ఏమీ లేదు.

నెమలి కోడ్ పేరుకి తగ్గట్టే ఉంది. తెల్లటి ఓవరాల్, మెడకి నీలం ఆకుపచ్చ కలిసిన స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు. ఫోటోలవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. వాళ్ళు కదిలాక ఏజెంట్ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఈరోజు గాలి ఎటు?"

నెమలి నవ్వింది. "గొడుగు ఎటు తిరిగితే అటు. అబ్బ, నువ్వా! పళ్ళ నర్సువనుకున్నాను. చెప్పు."

"కుడి రెక్క లోపల పుచ్చిపోయింది. సముద్రం మీద విరుగుతుంది. ఆపించండి."

నెమలి కళ్ళద్దాలు తీసింది. ఆమె కంగారుపడలేదు. లెక్క వేసుకుంది. "అవతలి ఒడ్డు దాకా ఆగదా?"

"ఒడ్డు దగ్గర విరగొచ్చు. ముందే విరగొచ్చు."

"ఒడ్డు దగ్గరైతే పర్లేదులే. ముక్కలై పడినా వాళ్ళకి ఇబ్బంది లేదు. కావలసింది ముక్కే." డాక్టరు వైపు చెయ్యి ఊపింది. "డాక్టరుగారూ! నాకు కడుపులో తిప్పుతోంది. మీరొక్కరే వెళ్ళి రండి, సరేనా!"

ఆయన కాక్‌పిట్ నుంచి బొటనవేలు చూపించాడు. ఇంజన్ గర్జించింది.

"లేబుళ్ళు మార్చింది మీరే," అంది ఏజెంట్.

"నీలాగే ఆ స్టోర్ కీపరూ నసిగేవాడు. ఆఖరికి చల్లబడ్డాడు." నెమలి చేతిలో చిన్న సెంటు సీసా ఉంది. దాని మూతి ఏజెంట్ మొహానికి జానెడు దూరంలో ఉంది. "ఒక్కసారి పీలిస్తే చాలు. నవ్వుతూ నిలబడు. ఆయన ఎగిరాక నీ దారిన నువ్వు పోదువుగాని."

చెవిలో చీఫ్ ఊపిరి వినిపించింది. అంతా విన్నాడు. "దొరికింది! మనవాళ్ళు వస్తున్నారు. నువ్వు విమానం జోలికి మాత్రం పోకు. వెళ్ళనీ. అవతలి వాళ్ళు దిగేచోటే కాసుకుని ఉన్నారు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు."

"ఆయన సార్?" అంది ఏజెంట్, పెదవులు కదపకుండా.

చెవిలో చీఫ్ తనవాళ్ళకి ఆర్డర్లు వేస్తున్నాడు.

విమానం దొర్లడం మొదలుపెట్టింది. అవతల ఆవిడ ఫ్లాస్కును రెండు చేతులా పొట్టకు అదుముకుని నిలబడి ఉంది.

ఏజెంట్ యాప్రాన్ జేబులో చెయ్యి పెట్టింది. పొద్దున క్లినిక్ నుంచి వచ్చేటప్పుడు అలవాటుగా వేసుకున్న మత్తు సూది తగిలింది. మరుక్షణం ఆ సూది నెమలి మణికట్టులో దిగింది. నెమలి కెవ్వుమంది. సీసా గడ్డిలో పడింది. నారింజ కోట్లు నాలుగు వైపుల నుంచీ మీద పడ్డాయి.

"వెళ్ళనీ అన్నాను!" చెవిలో చీఫ్ అరిచాడు.

ఏజెంట్ చెవికమ్మ తీసి గడ్డిలోకి విసిరేసి పరుగెత్తింది.

అరిచినా ఆయనకు వినబడదు. విమానం రన్‌వే మొదట్లో మలుపు తిరుగుతూ నెమ్మదించింది. ఆమె వెనకవైపు నుంచి కుడి రెక్క దగ్గరికి చేరింది. గాలి మొహం మీద కొట్టింది. రెండు చేతులా రెక్క అంచు పట్టుకుని పైకి లేచింది. ఎర్ర అక్షరాలు కళ్ళ ముందున్నాయి. ఇక్కడ కాలు పెట్టరాదు.

కుడి కాలు ఎత్తి బలమంతా పెట్టి అక్కడే తొక్కింది.

మంచి రెక్క అయితే కాలును వెనక్కి తోసేది. ఇది తోయలేదు. అప్పడంలా ఫెళ్ళున విరిగింది. కాలు చీలమండ దాకా లోపలికి దిగిపోయింది. నల్లటి ముళ్ళు చర్మంలో గుచ్చుకున్నాయి.

విమానం ఒక పక్కకి కుంగింది. డాక్టరు తల తిప్పి చూశాడు. ఇంజన్ ఆగింది. కాక్‌పిట్ మూత తెరుచుకుంది.

"అమ్మాయ్! కాలు పెట్టొద్దని అంత పెద్ద అక్షరాలతో రాసుంది కదా!"

"బాగా లేదు డాక్టరుగారూ." ఆమెకు ఊపిరి అందడం లేదు. "ఆ రోజు నేను విన్నది బాగా లేదు."

ఆయన దిగి వచ్చి పగులులోకి వంగి చూశాడు. పొరలు తడిసిన పుస్తకంలా విడిపోయి ఉన్నాయి. వాటి మధ్య బుడగలు ఎండకు మెరుస్తున్నాయి. ఆయన జేబులోంచి చిన్న అద్దం తీసి, దాని పిడితో పగులు అంచు తట్టాడు.

"సంచి చల్లగా ఉన్నప్పుడు కోసింది నేనే," అంది ఆమె.

భార్య పరుగున వచ్చింది. పగులు చూసింది. మొగుణ్ణి చూసింది. ఫ్లాస్కుతో ఆయన భుజం మీద ఒక్కటి వేసి, అక్కడే గడ్డిలో కూలబడింది. కాసేపటికి తల ఎత్తింది.

"మరి బాగుందని ఎందుకన్నావే?"

"చెప్పమన్నారు."

"ఎవరో చెప్పమంటే చెప్పేస్తావా?"

ఏజెంట్ పగులులోంచి కాలు బయటికి లాక్కుంది.

బేడీలు వేసి తీసుకెళుతున్న నెమలి వాళ్ళ పక్కనే ఆగింది. మొహం పాలిపోయింది. "నా వేళ్ళు నాకు తెలియడం లేదు," అంది.

"అలవాటవుతుంది," అంది ఏజెంట్.

*

క్లినిక్ కుర్చీలో ఆమెను పడుకోబెట్టి, లైటును నోటి మీద నుంచి కాలి మీదకి తిప్పాడు డాక్టరు. గుమ్మంలో చీఫ్ నిలబడి ఉన్నాడు.

"అవతలి వాళ్ళు జారుకున్నారు. నెమలి ఒక్కతే మిగిలింది. రిపోర్టులో కారణం ఏమని రాయమంటావ్?"

"కాలు పెట్టరాదన్న చోట పెట్టానని రాయండి సార్."

చీఫ్ ఏదో అనబోయాడు. డాక్టరు భార్య ఆయన్ను ఎగాదిగా చూసి, "చెప్పమన్నది నువ్వేనా నాయనా?" అంది. చీఫ్ కారులో కూర్చుంటానని వెళ్ళిపోయాడు.

డాక్టరు పట్టకారుతో మొదటి ముల్లు పట్టుకున్నాడు. ఆమె కాలు ఒక్కసారి అదిరింది. చీలమండ నుంచి మోకాలి దాకా మంట పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఫ్రీజర్ తలుపు వైపు చాచిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. తర్వాత పార్ట్‌నర్ గుర్తొచ్చాడు. అతను కూలిపోయే ముందు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎడమచెయ్యి.

ఆమె గట్టిగా ఏడ్చింది.

"అయ్యో, అంత నొప్పా!" డాక్టరు హడావిడిగా సూది తీశాడు. "చాలా ముళ్ళున్నాయమ్మాయ్. మత్తు ఇచ్చేస్తాను. క్షణంలో మొద్దుబారుతుంది."

"వద్దు డాక్టరుగారూ," అంది ఆమె. "ఉండనివ్వండి."

ఆ కుర్చీలో పడుకుని మత్తు వద్దన్న మనిషి, ఆ క్లినిక్ పెట్టాక ఆమె ఒక్కతే.